ఎడమవైపు మాంసం

నా ఎడమచేతికి ఇప్పుడు మూడు వేళ్ళే. చిటికెన వేలూ ఉంగరం వేలూ రూనా తీసుకుంది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ మొహాల్లోకి జాలి వచ్చేస్తుంది. అందుకే ముందే చెబుతున్నాను, నాకు జాలి అక్కర్లేదు. రూనా పద్దెనిమిదేళ్ళ ఆడపులి. అది కళ్ళు తెరవని కూనగా ఉన్నప్పటి నుంచీ దాని తిండీ తిప్పలూ చూసినదాన్ని నేను. అది నా వేళ్ళు తెంచింది, నిజమే. నా మీద దాడి మాత్రం చెయ్యలేదు. ఈ రెండూ వేరని నిరూపించడానికి నేను పనిచేసే జూలోకి నేనే టికెట్టు కొనుక్కుని వెళ్ళవలసి వచ్చింది.

నా పేరు బోడిల్. అరవై ఒక్కేళ్ళు. యూట్లాండ్‌లో సముద్రపాయ ఒడ్డున ఉన్న మా ఊరి జూలో ముప్ఫై ఏడేళ్ళుగా కీపరుని. పులులూ సింహాలూ ఉండే కట్టడాన్ని మేము పిల్లులిల్లు అంటాం. నా మోకాళ్ళు అరిగింది ఆ ఇంటి సిమెంటు నేల మీదే. మొగుడు నన్ను వదిలేసి వెళ్తూ అన్న ఆఖరి మాట, నీ దగ్గర ఎప్పుడూ గుర్రం మాంసం వాసనే అని. వాడన్నది అబద్ధం కాదు.

ఇదంతా పోయిన ఏడాది జూలైలో మొదలైంది. ఒకరోజు సాయంత్రం రూనా తిన్న పళ్ళెం తీసుకుందామని వెళ్తే అందులో సగం మాంసం అలాగే ఉంది. కుడివైపంతా నాకి శుభ్రం చేసింది. ఎడమవైపు ముట్టుకోలేదు. ఎవరో మధ్యలో గీత గీసి పంచుకున్నట్టు ఉంది. ఆకలి లేదేమో అనుకున్నాను. ఎందుకో తోచి పళ్ళేన్ని ఇటుది అటు తిప్పి మళ్ళీ లోపలికి తోశాను. మిగిలిన మాంసం కుడివైపుకి వచ్చింది. రూనా వచ్చి అదీ ఊడ్చేసింది.

మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. మాకు కీపర్ల పుస్తకం ఒకటి ఉంటుంది, ఏ జంతువు ఏం తిన్నదీ, ఎలా ఉన్నదీ అందులో రోజూ రాస్తాం. నేను రాయడానికి బద్ధకించి బొమ్మ వేశాను. గుండ్రటి పళ్ళెం, అందులో ఎడమ సగానికి అడ్డగీతలు. అలాంటి బొమ్మలు పద్నాలుగు నెలల పాటు వేశాను.

మా జంతువుల డాక్టరు ఎస్కిల్. పొడుగాటి మనిషి, మెత్తటి మనిషి, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. ఆ మెత్తదనమే అతనితో వచ్చిన చిక్కు. బొమ్మలన్నీ చూసి, "ఎడమవైపు పన్ను నొప్పి పెడుతుంటుంది బోడిల్. అందుకే ఆ పక్క తినట్లేదు," అన్నాడు.

"పన్ను నొప్పయితే పళ్ళెం తిప్పగానే ఎందుకు తింటుంది?" అన్నాను.

"ఆకలేసి."

"అప్పటిదాకా ఆకలి ఎక్కడికెళ్ళింది, కాఫీ తాగడానికా?"

నవ్వాడు గానీ వినలేదు. నవంబరులో దానికి మత్తిచ్చి పడుకోబెట్టి ఎడమవైపు కోరపన్ను పీకేశాడు. నా బొటనవేలంత లావు, దాని కంటే పొడుగు. పన్ను పీకాక కూడా రూనా ఎడమవైపు మాంసం వదిలేస్తూనే ఉంది.

చలికాలం వెళ్ళేసరికి అది ఎడమ భుజాన్ని తలుపు చట్రానికి గుద్దుకోవడం మొదలుపెట్టింది. ఆవరణలో నడిస్తే ఎప్పుడూ కుడివైపుకే తిరిగేది. గడ్డిలో గుండ్రంగా బాట పడిపోయింది. చూడడానికి వచ్చినవాళ్ళు పులి డాన్సు చేస్తోందని పిల్లలకు చూపించేవారు. దాన్ని స్కాన్ తీయించమని మా డైరెక్టరు ప్రేబెన్ దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళాను. ప్రేబెన్ నా వయసువాడే. నేనూ అతనూ ఒకే ఏడాది చేరాం. నేను పిల్లులింట్లో ఉండిపోయాను, అతను మెట్లెక్కుతూ పోయాడు.

"స్కాన్ అంటే పులిని మత్తులో తొంభై కిలోమీటర్లు తీసుకెళ్ళాలి. ముసలి కిడ్నీలు తట్టుకోవు," అన్నాడు ప్రేబెన్.

"పన్ను పీకడానికి తట్టుకున్న కిడ్నీలు ఫొటో తియ్యడానికి తట్టుకోవా?"

"బోడిల్, దానికి ముసలితనం వచ్చింది. అది రోగం కాదు. నీకూ వస్తోంది, నాకూ వస్తోంది."

"నేనింకా గోడల్ని గుద్దుకోవడం లేదు."

"నా గది తలుపుని మాత్రం గుద్దుతూనే ఉన్నావ్," అన్నాడు, అతని పక్కనున్న గుమాస్తా అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వేదాన్నే, రోజు మంచిదై ఉంటే.

ఎవరూ చూడకపోతే నేనే చూద్దామనుకున్నాను. సెప్టెంబరు రెండో వారంలో ఒక పొద్దున రూనా ఇనప జాలీకి ఆనుకుని పడుకుని ఉంది. నేను దానికి ఎడమవైపు నిలబడి, జాలీ మీద చెయ్యి వేసి, వేళ్ళు ఆడించాను. అది నన్ను చూడలేదు. కన్ను తెరిచే ఉంది. ఆ కంటికి రెండడుగుల దూరంలో నా చెయ్యి ఊగుతోంది. దానికి మాత్రం అటువైపు లోకమే లేదు. ఆ కంగారులో జాలీలోకి వేళ్ళు పోనివ్వకూడదన్న రూలు మర్చిపోయి, "రూనా," అని పిలిచాను.

ఏమీ లేని చోటు నుంచి మాట వినపడితే ఎవరైనా ఉలిక్కిపడతారు. అది ఒళ్ళంతా తిప్పి పంజా విసిరింది. నా వేళ్ళు జాలీ రంధ్రాల్లో ఉన్నాయి. ఆ తరువాత అది వెనక్కి తగ్గి, తను ఏం చేసిందో అర్థం కానట్టు నేలను వాసన చూసింది. నేను అది చూశాను. రక్తం కారుతున్న చేతిని చొక్కాలో చుట్టుకుంటూ కూడా అదే చూశాను.

ఆసుపత్రి నుంచి వచ్చేసరికి రిపోర్టు తయారైంది. అందులో రెండు ముక్కలే ఉన్నాయి. ఒకటి, కీపరు జాలీలో వేళ్ళు పెట్టి భద్రతా నియమం ఉల్లంఘించింది. అది నిజం, సంతకం పెట్టాను. రెండోది, జంతువు ముసలితనంలో దుర్మార్గంగా మారి మనిషిపై దాడి చేసింది. దాని కింద సంతకం పెట్టనన్నాను. విచారణ తేలేదాకా నువ్వు పనిలోకి రాకూడదని ప్రేబెన్ కాగితం పంపాడు. వసంతం వచ్చేదాకా పొట్టి మేకల దగ్గర పని చూసుకుని, తరువాత పెన్షను తీసుకోవచ్చని కూడా రాశాడు. మేకలంటే నాకు కోపం లేదు. వాటి దగ్గరికి నన్ను తోసిన చేతి మీదే కోపం.

రూనాని అక్టోబరు పదో తారీకు శుక్రవారం నాడు సూది వేసి చంపేశారు. నన్ను పిలవలేదు. దాని పుట్టుకకు నేనున్నాను, చావుకు మాత్రం ఉండనివ్వలేదు. ఈ ఒక్క విషయంలో నేను ప్రేబెన్‌ని ఎప్పటికీ క్షమించను.

ఎస్కిల్ ఆ సాయంత్రం ఫోన్ చేశాడు. "నొప్పి లేకుండా పోయింది. నీకు చెప్పాలనిపించింది."

"తల తెరుస్తావా?" అన్నాను.

"తల ఎందుకు?" అన్నాడు.

"ఎస్కిల్, దాని తలలో ఏదో ఉంది. తెరిచి చూడు."

"కుదరదు బోడిల్. పుర్రె బీరువాకి వెళ్తోంది. నీకు తెలుసుగా."

తెలుసు. మా జూలో బడిపిల్లలకు పాఠాలు చెప్పే గది ఉంది. అందులో గోడ పొడుగునా అద్దాల బీరువా. పిల్లులింట్లో ముసలితనంలో పోయిన ప్రతి జంతువు పుర్రె అందులో ఉంటుంది. నా కంటే ముందు నుంచీ ఉన్న ఆనవాయితీ అది. పదకొండు పుర్రెలు, చిన్న గీత కూడా పడనివి, ఒక్కొక్కదాని కింద పేరూ వయసూ రాసిన చీటీ. యూరప్‌లో ఏ జూకీ ఇంత మంచి వరస లేదని ప్రేబెన్ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. నేనూ ఆ పుర్రెలకు దుమ్ము దులిపినదాన్నే. చచ్చిన జంతువు కడుపు కోస్తాం, గుండె కోస్తాం, కిడ్నీలు కోస్తాం, తల మాత్రం బీరువాకి ఇచ్చేస్తాం. ఇన్నేళ్ళలో మాలో ఒక్కరికీ అందులో తప్పు కనపడలేదు.

"బుధవారం కోత ఉందా?" అని అడిగాను.

"ఉంది. ఆలుగడ్డల సెలవులు కదా, బడులుండవు, ప్రతిసారీలాగే జనం ముందే." అని, "నువ్వు రాకు బోడిల్. నీకు బాగుండదు," అన్నాడు.

నాకు ఏది బాగుంటుందో ఇతరులు చెబితే నాకు ఒళ్ళు మండుతుంది.

చచ్చిన జంతువును జనం ముందు కోసి చూపించడం మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్నదే. పిల్లలు ముందు వరసలో కూర్చుంటారు, ముక్కులు మూసుకుంటారు, మళ్ళీ వేళ్ళ సందుల్లోంచి చూస్తారు. ఆ కొట్టం తలుపు మీద చెక్క పలక ఒకటి వేలాడుతుంది. దాని మీద 'అడిగింది చూపిస్తాం' అని ఉంటుంది. ఆ మాట ప్రేబెన్‌దే. కుర్రతనంలో అతనికి బలే పట్టుదల ఉండేది. ఈ బల్ల దగ్గర దాపరికం ఉండదు, ఏ ప్రశ్నైనా అడగొచ్చు, జవాబు తెలియకపోతే కత్తే చెబుతుంది అనేవాడు. పోయినసారి ఒక ముసలావిడ ఒంటె కంట్లో ఏముంటుందని అడిగితే కన్ను కోసి అరచేతిలో పెట్టారు. ఎవరో జిరాఫీ నాలుక పొడుగు అడిగితే బయటికి లాగి టేపుతో కొలిచారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క ప్రశ్ననూ వెనక్కి పంపలేదు. పలక మీద అక్షరాలకు రెండేళ్ళకోసారి రంగు వేసేదాన్ని నేనే.

బుధవారం పొద్దున సన్నగా తుంపర. రై రొట్టె మీద కాలేయం ముద్ద రాసుకుని, రెండు ముక్కలు కాగితంలో చుట్టుకుని, జూ ముందు గేటుకు వెళ్ళాను. ముప్ఫై ఏడేళ్ళలో ఆ గేటు గుండా లోపలికి వెళ్ళడం అదే మొదలు. కిటికీలో కూర్చున్న కుర్రది నన్ను చూసి తడబడింది.

"బోడిల్! నువ్వు వెనక గేటు నుంచి..."

"పెద్దలకు ఒక టికెట్టు ఇవ్వు," అన్నాను. ఇచ్చింది. కోటు జేబులో భద్రంగా పెట్టుకున్నాను.

కొట్టంలో గడ్డిమోపుల మీద రెండు వందల మంది దాకా ఉన్నారు. నేను మొదటి వరసలో కూర్చున్నాను. బల్ల మీద రూనా పడుకుని ఉంది, ఎడమవైపు పైకి. దవడ కాస్త తెరుచుకుని, లేని కోరపన్ను చోటు గులాబీ రంగులో కనపడుతోంది. పాదాల మధ్య బొచ్చు తడిగా ఉంది, ఎవరో శుభ్రంగా కడిగారు. నాకు ఏడుపొచ్చింది. బిగబట్టుకున్నాను. ఏడిస్తే ఎవరో ఒకరు భుజం మీద చెయ్యి వేసి కాఫీ తాగిస్తానని బయటికి తీసుకుపోతారు. మా వాళ్ళకు ఏడుపు కనపడితే కాఫీ గుర్తొస్తుంది.

ప్రేబెన్ మైకు పట్టుకుని మాట్లాడుతూ నన్ను చూశాడు. మైకు కిందికి దించి నా దగ్గరికి వచ్చాడు. "ఏంటిది? నువ్విక్కడ ఉండకూడదు."

టికెట్టు తీసి చూపించాను.

"బోడిల్, ప్లీజ్."

"నేను కూర్చున్నాను, నీ పని నువ్వు చేసుకో."

నా పక్కన ఊలు టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నాకు పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చింది. "మీ ఆయనా?" అంది.

"దేవుడు ఆ ఒక్క శిక్షా వెయ్యలేదు," అన్నాను.

ఎస్కిల్ కోత మొదలుపెట్టాడు. నావైపు చూడలేదు. పొట్ట తెరిచి కిడ్నీలు తీసి చూపించాడు. ముసలివే, కానీ చంపేటంత పాడవలేదు. గుండె బాగుంది. ఊపిరితిత్తులు బాగున్నాయి. పిల్లలు పేగులు ఎంత పొడుగని అడిగితే బల్ల చుట్టూ పరిచి చూపించాడు. గంట గడిచింది. ప్రేబెన్ మైకు తీసుకుని, "ఇక ప్రశ్నలు లేకపోతే..." అన్నాడు.

నేను ఎడమచెయ్యి ఎత్తాను, కట్టుతో సహా.

ఆ కట్టు ఏమిటో అక్కడ సగం మందికి తెలుసు. మా ఊరి పేపర్లో పడింది మరి.

"ఈ ప్రశ్నలు వచ్చినవాళ్ళకి. స్టాఫ్‌కి కాదు," అన్నాడు ప్రేబెన్, నవ్వుతూనే.

"నేను స్టాఫ్ కాదని నువ్వేగా కాగితం పంపావ్? ఇవాళ నేను టికెట్టు కొన్నదాన్ని. అడుగుతున్నాను, ఎస్కిల్ చెప్పనీ. ఈ పులి పద్నాలుగు నెలలు పళ్ళెంలో ఎడమవైపు మాంసం ఎందుకు వదిలేసింది?"

ఎస్కిల్ చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "పన్ను నొప్పి అనుకున్నాం. ఎడమ కోర తీసేశాం."

"తీశాక తిన్నదా?"

"లేదు."

"తీసిన పన్ను పుచ్చిందా?"

అతని మొహం ఎర్రబడింది. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. "లేదు. బాగుంది. పన్నులో ఏ దోషమూ లేదు."

పక్కావిడ గట్టిగా, "అయ్యో పాపం," అంది. వెనక ఎవరో, "మరి ఎందుకు వదిలేసిందంటావ్?" అని అరిచారు.

"తెలీదు," అన్నాడు ఎస్కిల్.

"తెలీకపోతే ఈ బల్ల దగ్గర ఏం చేస్తారు?" నేను లేచి నిలబడ్డాను. "దానికి ఎడమ పక్క ఏమున్నా కనపడేది కాదు. ఎడమ భుజమే గుద్దుకునేది. కుడివైపుకే తిరిగేది. కన్ను బాగుంది, పన్ను బాగుంది, కిడ్నీలు బాగున్నాయి. ఇంక చూడని చోటు ఒక్కటే ఉంది. తల తెరువు ఎస్కిల్."

"తల తెరవం," అన్నాడు ప్రేబెన్. మైకు దించలేదు, అందువల్ల ఆ మాట కొట్టమంతా మోగింది. "ఈ పుర్రె మన బీరువాకి వెళ్తుంది. డెబ్బై ఏళ్ళ వరస. పగలగొడితే ఇంక దేనికీ పనికిరాదు."

"బయట పలక మీద ఏం రాసుంది ప్రేబెన్?"

అతను మైకును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"నీ మాటే. రంగు వేసింది నేను. అడిగింది చూపిస్తాం అని ఉంది. బీరువాకి అక్కర్లేనిదే చూపిస్తాం అని లేదు."

ముందు ఒక మగగొంతు, "చూపించండి!" అంది. తరువాత పిల్లలు అందుకున్నారు. కాళ్ళతో నేలను తన్నుతూ, చూపించండి, చూపించండి అని ఒకటే గోల. పెద్దావిడ ఊలు టోపీ తీసి ఊపుతోంది. ప్రేబెన్ జనం వైపు చూశాడు, తరువాత తలుపు వైపు. తన మాట తన మీదికే తిరిగి వస్తే మనిషి మొహం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. నాకు జాలి కలగలేదు. వచ్చే ఏడాది కలుగుతుందేమో.

చివరికి గోల ఆపింది రంపం చప్పుడు. ఎస్కిల్ ఎవరి అనుమతీ అడగలేదు. అద్దాలు పెట్టుకుని, రంపం అందుకుని, రూనా తల మీదికి వంగాడు. మెత్తటి మనిషని అన్నాను కదా, ఆ మాట ఆ క్షణం నుంచి వెనక్కి తీసుకుంటున్నాను.

ఎడమవైపు ఎముక తొందరగానే తెగింది. కుడివైపుకి వచ్చేసరికి రంపం మొరాయించింది. ఎస్కిల్ ఆగి వేలితో తడిమాడు. "ఇక్కడ ఎముక దళసరిగా ఉంది. ఇలా ఉండకూడదు," అన్నాడు, జనంతో కాదు, తనతో తను. మళ్ళీ కోశాడు. మూత తీసినట్టు పైఎముక తీశాడు. జేబులోంచి చిన్న టార్చి తీసి లోపలికి వేసి చూశాడు.

"బోడిల్, ఇలా రా."

వెళ్ళాను. కుడివైపు, మెదడుకీ ఎముకకీ నడుమ, పెద్ద రేగుపండంత కణితి. గట్టిగా, బూడిద రంగులో, గుండ్రంగా. అది పెరిగి పెరిగి మెదడును అటు పక్కకు నొక్కేసింది. నొక్కిన చోట మెదడులో గుంట పడింది. కుడి మెదడే ఎడమవైపు లోకాన్ని చూస్తుందని ఎస్కిల్ పిల్లలకు వివరిస్తున్నాడు. ఇది ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరిగిందనీ, ఇలాంటి కణితి పైనున్న ఎముకను కూడా లోపలివైపు దళసరి చేస్తుందనీ చెప్పాడు. ఈ పులి దుర్మార్గురాలు కాదనీ, దానికి ఎడమవైపు ఏమీ కనపడలేదనీ చెప్పాడు.

"మందుతో తగ్గేదా?" అని అడిగాను.

"పోయేది కాదు. వాపు తగ్గేది. ఆరు నెలలో, ఇంకాస్తో, గోడలు గుద్దుకోకుండా బతికేది." కళ్ళద్దాలు తీశాడు. "నువ్వు బొమ్మలు వేసి చూపించావ్. నేను పన్ను పీకాను."

అతన్ని తిట్టాలని నోటిదాకా వచ్చింది. మనసొప్పలేదు. రూనా చెవి వెనక, బొచ్చు మెత్తగా ఉండే చోట, మూడు వేళ్ళతో నిమిరాను. బతికున్నప్పుడు అక్కడ గోకితే అది కళ్ళు మూసుకునేది.

జనం కొట్టంలోంచి వెళ్ళిపోయాక ప్రేబెన్ నా దగ్గరికి వచ్చాడు. నిజాయితీగానే వచ్చాడు. "నువ్వు చెప్పింది నిజం. రిపోర్టు మారుస్తాను. సోమవారం నుంచి పిల్లులింటికి వచ్చెయ్."

"రాస్తావా? దాడి కాదని?"

"రాస్తాను. ఇంక చాలా? నీ మీద మచ్చ కడిగేసినట్టే."

చాలనే అనుకున్నాను. కోరుకున్నది దక్కింది. గెలిచిన సంతోషం కోసం ఒళ్ళంతా వెతుక్కున్నాను కూడా. కాని రంపం మొరాయించిన ఆ చప్పుడు చెవిలో నుంచి పోవడం లేదు. ఎముక లోపలివైపు దళసరి అవుతుందన్న మాట పోవడం లేదు. ఎస్కిల్ చేతిలోని చిన్న టార్చి అడిగి తీసుకుని, పాఠాల గదికి నడిచాను. ఎందుకో వాళ్ళిద్దరూ నా వెనకే వచ్చారు.

బీరువా తలుపు తీశాను. ఎడమ నుంచి ఏడో పుర్రె హోల్గర్‌ది. నేను చేరిన కొత్తల్లో మా మగసింహం. చివరి ఏడాది అది గుండ్రంగా తిరుగుతూ ఉండేది. పిలిస్తే లోపలికి వచ్చేది కాదు, దగ్గరికి వెళ్తే గోడకు కొట్టుకుని గర్జించేది. అది నాతో పంతం పట్టిందనుకున్నాను. చలికాలం సాయంత్రాలు దాని మొహం మీదికి గొట్టంతో చన్నీళ్ళు కొట్టి లోపలికి తోలేదాన్ని. నాకప్పుడు ముప్ఫై మూడేళ్ళు, ఎవరికీ భయపడననే పేరుండేది. ఆ పేరు నాకిష్టం. ఇక వీడితో నావల్ల కాదని అప్పటి డైరెక్టరుకు చెప్పింది నేనే. వారం తిరక్కుండా, పుర్రె చెడకుండా గుండెలోకి కాల్చేశారు.

పుర్రె కింద చీటీ అలాగే ఉంది. సిరా వెలిసింది. 'హోల్గర్. సింహం. పందొమ్మిదేళ్ళు. ముసలితనంలో దుర్మార్గుడయ్యాడు.'

ఆ చేతిరాత నాది.

పుర్రెను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెనకవైపు మెడ తగిలే రంధ్రంలోంచి టార్చి వేసి చూశాను. తరువాత కుడిచేతి చూపుడువేలు లోపలికి పోనిచ్చాను. లోపల ఒక ఎముక గోడ అడ్డుంటుంది, దాన్ని దాటి వేలికొస మాత్రమే ఆనింది. ఒకవైపు గిన్నె అడుగులా నున్నగా ఉంది. రెండోవైపు గరుకుగా, ఎత్తుగా, బొడిపెలా తగిలింది. మరోసారి తడిమాను. నా వేలు తప్పు చెప్పాలని కోరుకున్నాను. అది తప్పు చెప్పలేదు.

ఇరవై ఎనిమిదేళ్ళు ఈ పుర్రెకు దుమ్ము దులిపాను. దాన్ని చూసినప్పుడల్లా, నన్ను గెలవలేకపోయావురా అనుకునేదాన్ని. మిగిలిన పదింటిలో ఇంకెన్ని బొడిపెలున్నాయో ఎవరికి తెలుసు? ప్రేబెన్‌ని ఎప్పటికీ క్షమించనని అన్నాను. ఆ మాట మీద నేను నిలబడాలంటే ముందు నన్ను నేనే నిలదీసుకోవాలి, అదే బల్ల దగ్గర, అదే జనం ముందు.

పుర్రెను తెచ్చి ఎస్కిల్ చేతుల్లో పెట్టాను. "దీన్నీ కొయ్యి."

ఎస్కిల్ రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. అతని మొహం మారింది. ప్రేబెన్ అడ్డం వచ్చాడు. "బోడిల్, ఇక ఆపు. నువ్వు గెలిచావ్. దీన్ని కోస్తే ఏం బయటపడుతుందో ఆలోచించావా? చీటీ మీద రాత ఎవరిదో నాకు తెలుసు. ఎప్పుడో చచ్చిన సింహం. దాని గురించి ఇప్పుడు ఎవరడుగుతారు?"

కోటు జేబులోంచి టికెట్టు తీసి, మడత విప్పి, అతని ముందు పెట్టాను. మూసేవేళ సాయంత్రం ఐదు అని దాని మీద అచ్చు వేసి ఉంది. గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది.

"నేను," అన్నాను. "నేనడుగుతున్నాను."